కంటపడని ఉద్యోగం

మెల్లయ్య అన్నది అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. కొండ మీద లాడ్జి కట్టించిన ముసలాయన పెట్టింది. ఉద్యోగంలో చేరిన వారానికి, వరండాలో పేపరు చదువుకుంటున్న ముసలాయన టీ తెమ్మని కేకేయబోయి పక్కకు తిరిగితే, కప్పు అప్పటికే బల్ల మీద పొగలు కక్కుతోంది. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో ఆయనకు తెలియలేదు. "ఒరే, నువ్వు మనిషివా మంచువా? ఇంత మెల్లగా ఎట్లా వచ్చావురా?" అని నోరు వెళ్ళబెట్టాడు. ఆ పూట నుంచి అతను మెల్లయ్యే. కోపం వచ్చినప్పుడు భార్య కూడా ఆ పేరే పట్టుకుని దులిపేసేది.

అంత మెల్లగా నడవడం అతను సరదాకి నేర్చుకున్నది కాదు. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి అతన్ని తీసుకుని అన్నగారి పంచన చేరింది. ఆ మేనమామది మిల్లులో రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. ఉన్నది ఒకటే గది. మధ్యలో మేనమామ మంచం, దాని చుట్టూ ఆరుగురు పిల్లలు. చీమ చిటుక్కుమన్నా ఆయన లేచేవాడు. లేచాడంటే చేతికి ఏది దొరికితే దానితోనే వడ్డన. సొంత పిల్లలకు రెండు పడితే మేనల్లుడికి నాలుగు పడేవి. గ్లాసు కింద పెట్టేటప్పుడు ముందు చిటికెనవేలు ఆనించి తర్వాత గ్లాసు దించితే చప్పుడు కాదని ఆ కుర్రవాడు అయిదో ఏటే కనిపెట్టాడు. ఏ తలుపు కిర్రుమంటుందో, దాన్ని ఎంతవరకు తెరిస్తే కిర్రుమనదో కూడా అప్పటికే తెలుసు. మిగతా పిల్లలు బడిలో ఎక్కాలు నేర్చుకుంటుంటే వీడు నేర్చుకున్నది ఇదీ.

పెద్దయ్యాక ఆ విద్యకు గిరాకీ ఎక్కడుంటుంది? హోటల్లో సర్వరుగా పెడితే, వెనకాల వచ్చి నిలబడి వడ్డించేసరికి తినేవాళ్ళు ఉలిక్కిపడి చొక్కాల మీద ఒలకబోసుకునేవాళ్ళు. బట్టల కొట్లో పెడితే, "రండి రండి" అని పిలవడానికి నోట్లో నాలుక లేదు. అట్లా నాలుగు చోట్ల చేతులెత్తేశాక, పెళ్ళయిన రెండో ఏడు, భార్యను వెంటబెట్టుకుని ఈ కొండ ఎక్కాడు. ఇక్కడ మాత్రం బల్లకు సొరుగు అమరినట్టు అమరిపోయాడు.

ఎందుకంటే లాడ్జి ముసలాయనకు మనుషులంటే గిట్టదు. ఉద్యోగమున్నంత కాలం వందల మందిని నెత్తిన పెట్టుకుని మోసి, విసిగి, రిటైరైన మర్నాడే అడవి అంచున స్థలం కొన్నాడు. అయిదు కాటేజీలు, ఒకదానికొకటి కనపడనంత దూరంలో. పైన శిఖరం, కింద చెరువు, రెండు మైళ్ళ దూరంలో జలపాతం. చూడటానికి బోలెడంత ఉంది, పలకరించడానికి ఒక్కడు లేడు. "ఇక్కడికి వచ్చేవాడు మొహాలు చూసి చూసి వాంతికొచ్చి వస్తాడురా. నీ మొహం కూడా చూపించకు" అన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క రూలు. ప్రతి కాటేజీ గోడలో రెండు తలుపుల గూడు కట్టించాడు. బయట తలుపు తీసి మెల్లయ్య క్యారియరు పెట్టి, చెక్క మీద వేలితో రెండుసార్లు కొట్టి వెళ్ళిపోవాలి. లోపలి తలుపు తీసి అతిథి తీసుకోవాలి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే పనే లేదు.

మెల్లయ్య పని ఎవరి కంటా పడేది కాదు గాని, పనికి మాత్రం అంతులేదు. తెల్లవారక ముందే కాటేజీల వెనక బాయిలర్లకు కట్టెలు వేసేవాడు. అతిథి లేచి కుళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చేవి. వేడినీళ్ళు కొండ లోంచే వస్తున్నాయని అతిథులు అనుకునేవాళ్ళు కాబోలు, ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వానాకాలంలో జలగలు లోపలికి రాకుండా గడప పొడవునా ఉప్పు గీత గీసేవాడు. వరండాలో బూట్లు లేవంటే అతిథి షికారుకు వెళ్ళినట్టు. నీళ్ళ సీసా కూడా లేకపోతే జలపాతానికే, అంటే మూడు గంటల వ్యవధి. ఆ లోపల పక్క దులిపి, బాత్రూం కడిగి, తడి తువ్వాళ్ళు మార్చి, చివరకు తన అడుగుల జాడను తనే వెనక్కి నడుస్తూ చీపురుతో ఊడ్చుకుంటూ బయటపడేవాడు. ఒకసారి మూడో కాటేజీలో మధ్యాహ్నం పూట ఒకావిడ నిద్రపోతుంటే, కిటికీలోంచి లోపలికి పాము జారడం చూసి, చెప్పులు విడిచి లోపలికెళ్ళి, మంచం కింద నుంచి దాన్ని సంచీలో పట్టుకుని వచ్చేశాడు. ఆవిడ పక్కకు కూడా ఒత్తిగిలలేదు. సాయంత్రం లేచి, ఈ మధ్య ఇంత మంచి నిద్ర ఎరగనని ఎవరితోనో ఫోనులో చెప్పుకుంది.

ఆ సంగతి తలుచుకుని మెల్లయ్య నెల రోజులు మురిసిపోయాడు. అదీ అతని వరస. పొగడ్త తనకు దక్కలేదని కాదు, అసలు దక్కకపోవడమే తన గొప్ప అని అతని నమ్మకం.

భార్య వంటింటి మనిషి. అయిదు కాటేజీలకు రెండు పూటలా వండి క్యారియర్లు సర్దేది. మొదట్లో ఆమెకు ఈ బతుకు మింగుడు పడలేదు. పుట్టింట్లో వాగుడుకాయ అని పేరు. ఇక్కడ నవ్వు వస్తే కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చేది. కానీ ఇరవై రెండేళ్ళు తక్కువేం కాదు. ఆమె గరిటె కూడా గిన్నె అంచుకు తగలకుండా తిరగడం నేర్చుకుంది. పిల్లలు లేరు. లాడ్జి వెనక రెండు గదులు, ముందు ఇంత కూరపాదుల చోటు, వాళ్ళ లోకం అంతే.

ముసలాయన పోయాడు. కూతురూ అల్లుడూ లాడ్జిని ఒక కంపెనీకి అమ్మేశారు. ఆ కంపెనీకి ఇట్లాంటివి కొండకొకటి ఉన్నాయట. కింద టౌనులో ఆఫీసు మాత్రం ఉంచారు. అందులో ఉన్న మేనేజరు పాతవాడే, మంచివాడే, కాకపోతే నీడను చూసినా జడుసుకునే రకం. ఒకరోజు ఆయన ఫోను చేసి గొంతు తగ్గించి చెప్పాడు.

"మెల్లయ్యా, నేను చెప్పానని ఎక్కడా అనకు. వచ్చే బుధవారం నాలుగో కాటేజీకి ఒకాయన వస్తున్నాడు. మామూలు టూరిస్టులాగా వస్తాడు గానీ కంపెనీ మనిషి. ఎవరు ఏం పని చేస్తున్నారో చూసి, ఎవరిని ఉంచాలో ఎవరిని తీసెయ్యాలో రాస్తాడు. మూడు రోజులుంటాడు. నీకు దణ్ణం పెడతాను, కాస్త కనపడవయ్యా!"

"కనపడటమంటే?" అన్నాడు మెల్లయ్య.

"కనపడటమంటే కనపడటమే! ఎదురెళ్ళు, సూట్‌కేసు మొయ్యి, గుడ్ మార్నింగ్ చెప్పు. మీ ఆవిడ చేత కూర ఎట్లా ఉందండీ అని అడిగించు. మీ ఉద్యోగం మీ చేతుల్లోనే ఉంది."

ఫోను పెట్టేసి మెల్లయ్య సంగతి చెప్పేసరికి భార్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఉద్యోగం పోతే రెండు గదులూ పోతాయి. అవి పోతే ఈ భూమ్మీద వాళ్ళకు మిగిలిన చోటు ఒక్కటే, ఆమె అన్నగారి ఇల్లు. అన్నగారితో ఇబ్బంది లేదు, వచ్చిన ఇబ్బందల్లా వదినతోనే. "ఎప్పుడైనా రావచ్చు, మీ ఇల్లు కాదా" అంటుంది, అంటున్నంత సేపూ తలుపు మీద చెయ్యి తియ్యదు. మెట్ల కింద గది ఒకటుంది, పాత సామాన్లతో. పోయినసారి వెళ్ళినప్పుడు వదిన ఆ గది చూపించి, "ఇది ఖాళీ చేస్తే ఇద్దరు పడతారు" అని ఊరకే అంది. ఊరకే అన్నదో, ఉద్దేశంతో అన్నదో గాని, ఆ మాట భార్య గుండెల్లో రాయిలా ఉండిపోయింది.

"నేను ఆ మెట్ల కింద చావను" అంది. "మీరు రేపటి నుంచి కనపడటం నేర్చుకోండి."

నేర్పింది కూడా. వంటింట్లో తను కంపెనీ ఆయన అయ్యేది, కూరగాయల సంచీ సూట్‌కేసయ్యేది. తలుపు అవతల నుంచి ఆమె దర్జాగా నడిచి వస్తే మెల్లయ్య ఎదురెళ్ళి, "నమస్కారమండీ, ప్రయాణం బాగా జరిగిందాండీ" అనాలి. మొదటిరోజు "నమ" దగ్గర ఆగిపోయాడు. రెండోరోజు మొత్తం అన్నాడు గాని గోడతో అన్నాడు. నాలుగోరోజుకు ఆమె కళ్ళలోకి చూసి అనగలిగాడు. "చాలు, ఇట్లా అంటే చాలు" అని ఆమె సంచీ పక్కన పడేసి కన్నీళ్ళు పెట్టుకుంది. ఇస్త్రీ చొక్కా తీసి సిద్ధంగా పెట్టింది.

బుధవారం మధ్యాహ్నం మలుపు దగ్గర కారు చప్పుడు వినబడింది. మెల్లయ్య ఇస్త్రీ చొక్కాతో గేటు దగ్గర నిటారుగా నిలబడ్డాడు. భార్య వంటింటి కిటికీ లోంచి ఊపిరి బిగబట్టి చూస్తోంది. కారు వచ్చి ఆగింది. ఎర్ర మఫ్లరు చుట్టుకున్న నడివయసాయన దగ్గుకుంటూ దిగాడు. సూట్‌కేసు తనే దించుకున్నాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. మెల్లయ్య కట్టెల మోపుల వెనక ఉన్నాడు. ఎప్పుడు వెళ్ళాడో అతనికే తెలియదు. కాళ్ళు తీసుకెళ్ళాయి, అంతే.

"మెల్లయ్యా!" అంది భార్య ఆ సాయంత్రం, పళ్ళ మధ్య నుంచి. "మీ కాళ్ళు విరగ్గొడితే గానీ..."

"రేపు చూస్తాను" అన్నాడు అతను. ఆ చొక్కా విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

రెండో రోజు పొద్దున అతను గూడు దగ్గర ఒక ఉపాయం పన్నాడు. టిఫిను పెట్టి, చెక్క మీద రెండుసార్లు కొట్టి, వెళ్ళకుండా బయట తలుపు తెరిచిపట్టుకుని అక్కడే నిలబడటం. అవతల ఆయన తలుపు తీస్తాడు, గూటిలోంచి మొహాలు ఎదురుపడతాయి, అప్పుడు నమస్కారం. ఉపాయం బాగానే ఉంది. లోపలి తలుపు తెరుచుకుంది. మఫ్లరాయన చెయ్యి వచ్చింది, ఉంగరం కనిపించింది. ఆయన లోపలికి తొంగిచూడబోతూ కాస్త వంగాడు. మెల్లయ్య చెయ్యి బయటి తలుపును మెత్తగా మూసేసింది. మూసేశాక ఆ తలుపుకు నుదురు ఆనించి చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. ఆ నిమిషాన అతనికి తన మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

ఇక ఇట్లా లాభం లేదని భార్య తనే నడుం బిగించింది. సాయంత్రం ప్లేటులో బిస్కెట్లు పెట్టుకుని, కొంగు సర్దుకుని, నాలుగో కాటేజీకి బయలుదేరింది. వెళ్ళినంత వేగంగానే ప్లేటుతో తిరిగి వచ్చింది.

"ఏమైంది?" అన్నాడు మెల్లయ్య.

"వరండాలో కూర్చున్నాడండీ. కళ్ళు మూసుకుని. దగ్గు కూడా లేదు. ఎన్ని రోజులైందో పాపం అట్లా కూర్చుని. ఎట్లా పలకరించను?" అంది. అని, తను ఏమన్నదో తనకే తెలిసి, ప్లేటు పక్కన పెట్టి గోడకు చేరగిలబడింది. "నన్ను కూడా మీలాగే చేశారు కదండీ" అంది.

చూడండి వీళ్ళ తెలివి. తమ మెడ మీద కత్తి పెట్టిన మనిషి హాయిగా కునుకు తీస్తుంటే, కత్తి జారుతుందేమోనని కాదు, కునుకు చెడుతుందేమోనని వీళ్ళ దిగులు. ఇంకో లాడ్జిలో ఇంకెవరైనా అయితే ఈపాటికి ఆయన కాళ్ళు పట్టేవాళ్ళు.

మూడో రోజు బూట్లూ లేవు, నీళ్ళ సీసా కూడా లేదు. మఫ్లరాయన జలపాతానికి వెళ్ళాడు. రాత్రి వాన పడిందని మెల్లయ్య పొద్దున్నే ఆ దారిలో నాచు పట్టిన బండల మీద బాయిలరు బూడిద చల్లి వచ్చాడు. ఒంటరిగా వెళ్ళే అతిథి వెనక ముప్ఫై అడుగుల దూరంలో చెట్ల మాటున నడవడం కూడా అతని అలవాటే. ఎవరూ చెప్పిన పని కాదు. ఆ రోజూ నడిచాడు. తిరుగు దారిలో మబ్బు కమ్మి చీకటిగా అయింది. చీలిక దగ్గర మఫ్లరాయన ఆగి అటూ ఇటూ చూసి, ఎడమవైపు దారి పట్టబోయాడు. ఆ దారి లోయలోకి పోతుంది. మెల్లయ్య ఒక్క కేక వేస్తే చాలు. ఇరవై రెండేళ్ళలో అంతకన్నా మంచి సందర్భం రాదు. "అయ్యా, అటు కాదండీ" అంటే చాలు, ప్రాణం కాపాడిన మనిషవుతాడు. కానీ ఆయన ఇరవై అడుగులు వెళ్ళేలోపు మెల్లయ్య అడ్డదారిన పొదల్లోంచి ముందుకు పరిగెత్తి, విరిగి పడి ఉన్న పెద్ద కొమ్మను లాగి ఎడమ దారికి అడ్డంగా వేసి, మళ్ళీ చెట్ల వెనక్కి తప్పుకున్నాడు. మఫ్లరాయన కొమ్మను చూసి, "ఓహో, ఇటు కాదన్నమాట" అని పైకే అనుకుని వెనక్కి తిరిగాడు. కులాసాగా ఈల వేసుకుంటూ కాటేజీ చేరాడు.

ఈ సంగతి విని భార్య ఏడవలేదు, తిట్టలేదు. నాలుగో రోజు పొద్దున మాత్రం గరిటె పట్టుకుని వాకిట్లో నిలబడింది. "ఆయన వెళ్ళిపోతున్నాడు. ఇవాళ మీరు వెళ్ళకపోతే నేను పోయి కారు కింద పడుకుంటాను. అన్నంత పనీ చేస్తాను" అంది. చేసే మనిషే. మెల్లయ్య కళ్ళు మూసుకుని నడిచాడు. కళ్ళు తెరిచేసరికి కారు డిక్కీ పక్కన ఉన్నాడు. మఫ్లరాయన ఉలిక్కిపడి సూట్‌కేసు జారవిడిచాడు.

"ఎవరు మీరు?"

"ఇక్కడే పనిచేస్తానండి."

"ఇక్కడంటే ఎక్కడ?"

"లాడ్జిలోనండి."

"ఇవాళే వచ్చారా?"

"ఇరవై రెండేళ్ళయిందండి."

"మూడు రోజుల నుంచి ఉన్నానే! ఒక్క మనిషి కనపడలేదే!" అన్నాడు.

"కనపడకూడదు కదండీ" అన్నాడు మెల్లయ్య. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో భయం పోయి కొంచెం గర్వం కూడా వచ్చింది.

మఫ్లరాయన చెడ్డవాడు కాదు. ఆ మాట ఒప్పుకుని తీరాలి. కారు వాణ్ణి ఆగమని చెప్పి మెల్లయ్య వెంట నడిచాడు. బాయిలర్లు చూశాడు, గూళ్ళు బయట నుంచి చూశాడు, ఉప్పు గీతలు వంగి చూశాడు. వంటింట్లో భార్య చేతి టీ తాగాడు.

"మరి ఆ బండల మీద బూడిద?"

"బాయిలర్లోదేనండి."

"నిన్న దారికి అడ్డంగా ఉన్న కొమ్మ?"

"మీరు అటు వెళ్తుంటే... నేనే వేశానండి."

ఆయన పొయ్యి పక్కనున్న కట్టెల మోపు మీద చతికిలబడ్డాడు. "నాకు దారులు ఇట్టే తెలిసిపోతాయని మా ఆవిడకు ఫోను చేసి మరీ గొప్పలు చెప్పుకున్నానయ్యా" అన్నాడు. కాసేపు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. "నేను ఎందుకొచ్చానో మీకు తెలుసా?"

తన పేరు ఎక్కడా అనొద్దన్న మేనేజరు మాట గుర్తొచ్చి మెల్లయ్య నీళ్ళు నమిలాడు.

"తెలిసే ఉంటుంది లెండి. నిన్న సాయంత్రమే రిపోర్టు పంపించేశాను. పనివాళ్ళెవరూ లేరు, అయినా అన్నీ వాటంతట అవే జరిగిపోతున్నాయి అని రాశాను." భార్య టీ గిన్నె పక్కన పెట్టి మొగుడి మొహంలోకి చూసింది. ఆయన అది చూశాడు. "మళ్ళీ రాస్తాను. చూసినవన్నీ రాస్తాను. మీ ఇద్దరి గురించీ రాస్తాను. మాటిస్తున్నానమ్మా" అన్నాడు. వెళ్ళేటప్పుడు మెల్లయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒక అతిథి అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు వాళ్ళు బతికారు. భార్య వెనక చోటులో బీర విత్తులు పెట్టింది, పందిరి కూడా వేయించింది. ఒకరోజు పని మధ్యలో పైకి పాట కూడా అందుకుంది. మెల్లయ్య వచ్చి వేలు పెదాల మీద పెట్టలేదు. నిలబడి విన్నాడు.

పందొమ్మిదో రోజు మేనేజరు ఫోను చేశాడు. "రెండో రిపోర్టు కూడా అందిందట మెల్లయ్యా. నాలుగు పేజీలు రాశాడు మహానుభావుడు. నిన్ను ఆకాశానికెత్తేశాడు."

"మరి ఏమన్నారండి?"

"అదే కొంప ముంచింది. అందులో ఒక ముక్క రాశాడు, చదువుతాను విను. 'వీళ్ళ పనితనం ఎంత గొప్పదంటే, ఇన్నేళ్ళలో ఏ ఒక్క అతిథికీ వీళ్ళు ఉన్నట్టే తెలియదు.' దాని కింద పైవాళ్ళు ఎర్ర గీత గీశారు. పక్కన ఏం రాశారో తెలుసా? 'ఉన్నట్టే తెలియనప్పుడు, తీసేసినా తెలియదు.'"

మెల్లయ్య ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"కరెంటు గీజర్లు పెడతారట. వంట కింద నుంచి ప్యాకెట్లలో వస్తుందట. వారానికొకసారి వ్యాన్లో మనుషులొచ్చి ఊడ్చి పోతారు. పది రోజుల్లో గదులు ఖాళీ చెయ్యమన్నారు. ఆయన మంచే రాశాడయ్యా, ఏం చేస్తాం. వింటున్నావా?"

"సరేనండి" అన్నాడు మెల్లయ్య.

సరేనట! గొంతు చించుకుని అరవాల్సిన చోట, ఇరవై రెండేళ్ళ చాకిరీని నాలుగు ముక్కల్లో తుడిచేసిన చోట, సరేనండి. ఆ పది రోజులూ కూడా అతను బాయిలర్లు మానలేదు. గీజర్లు బిగించడానికి వచ్చినవాళ్ళు పనిలో ఉన్నంతసేపూ వాళ్ళకు టీలు అందుతూనే ఉన్నాయి. ఎవరు ఇస్తున్నారని వాళ్ళు అడగలేదు. బీరపాదు అప్పుడే పందిరి అందుకుంటోంది. భార్య దాని వంక చూడటం మానేసింది.

వదిన మెట్ల కింద గది ఖాళీ చేయించింది. అక్కడ మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకునేది. మెల్లయ్యకు అది కష్టమనిపించలేదు, సగంలోంచే దూరేవాడు. కష్టమంతా భార్యకే. నెల తిరక్కుండానే వదిన పక్కింటావిడతో గోడ మీదుగా చెబుతుంటే ఆమె చెవిన పడింది: "ఏమాటకామాటే చెప్పుకోవాలి, నేనెంత భయపడ్డానో! ఇద్దరూ ఉన్నారా లేరా అన్నట్టు ఉంటారమ్మా." వదిన నిజంగా సంతోషంతోనే అంది. భార్య ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు.

మెల్లయ్య పనికోసం కాళ్ళరిగేలా తిరిగాడు. యాభై ఆరేళ్ళవాణ్ణి చూసి కొందరు గుమ్మంలోనే చేతులూపేశారు. ఒకచోట మాత్రం, బస్టాండు వెనక లాడ్జింగులో, ఓనరు కూర్చోబెట్టి మాట్లాడాడు. గదులు చూసుకోవడానికి మనిషి కావాలి, వయసు అడ్డం కాదు, ఉండటానికి పైన గది కూడా ఇస్తాడట.

"ఇంతకు ముందు ఎక్కడ చేశావు?" అన్నాడు ఓనరు.

మెల్లయ్య చెప్పాడు. కొండ మీద లాడ్జి, అయిదు కాటేజీలు, ఇరవై రెండేళ్ళు.

"అబ్బో! మరి అక్కడివాళ్ళెవరైనా నీ గురించి ఒక మాట చెప్పగలరా? ఊరికే ఫోనులో. నాకు తాళాలు అప్పజెప్పాలి కదా."

ముసలాయన పోయాడు. టౌనాఫీసు మేనేజరును కూడా పోయిన నెలలోనే తీసేశారు, ఆ నంబరు మోగుతుంది గానీ ఎవరూ ఎత్తరు. కంపెనీ వాళ్ళకు అతను ఒక ఎర్ర గీత.

"సరే, అతిథులు? అన్నేళ్ళలో వేలమంది వచ్చుంటారు. నీ పని చూసినవాడు ఒక్కడైనా ఉంటాడు కదా!"

"ఉన్నాడండి" అన్నాడు మెల్లయ్య ఆత్రంగా. "ఒకాయన చూశాడండి. అన్నీ చూశాడు. నాలుగు పేజీలు రాశాడు కూడా."

"ఇంకేం! ఆయన పేరు చెప్పు, ఫోను చేద్దాం" అని ఓనరు ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

మెల్లయ్య నోరు తెరిచాడు. ఎర్ర మఫ్లరు గుర్తుంది, ఉంగరం గుర్తుంది, టీలో చక్కెర తక్కువ వేసుకుంటాడని కూడా గుర్తుంది. ఓనరు ఫోను పట్టుకుని కాసేపు ఎదురుచూశాడు. తర్వాత ఫోను బల్ల మీద పెట్టేసి, మళ్ళీ కబురు చేస్తానన్నాడు.

ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. భార్య మంచం మీద కూర్చుని విన్నది.

"ఇరవై రెండేళ్ళకు మనల్ని చూసినవాడు ఒక్కడు" అంది చివరకు. "చెయ్యి పట్టుకుని ఊపాడు కదండీ. అప్పుడైనా పేరు అడగలేకపోయారా?"

"అతిథుల పేర్లు అడగకూడదు కదా" అన్నాడు మెల్లయ్య.

ముందు గదిలో వదిన మధ్యాహ్నం నిద్రలో ఉంది. ఇద్దరూ తలుపు దగ్గరగా వేసుకుని, కంచాలు చప్పుడు కాకుండా దించుకుని అన్నాలు తిన్నారు.